మా సంగీతం బడి: ఎవరు నడుపుతున్నారు, ఎలా నడుపుతున్నారు - అందరూ అడిగే ప్రశ్నలు

ప్రతి జూన్‌లో అడ్మిషన్లు మొదలవ్వగానే ఫోన్లు మొదలవుతాయి, అందరూ ఇంచుమించు అవే అడుగుతారు. ఫీజు ఎంత, టైమింగ్స్ ఏంటి అన్నవి గేటు పక్కన బోర్డు మీద రాసే ఉన్నాయి. అవి కాకుండా అసలు మీరెవరు, ఎందుకు నడుపుతున్నారు, డబ్బులు ఎటు పోతున్నాయి అని అడిగేవాళ్ళ కోసం ఇది రాస్తున్నా. నేను ఈ బడి కమిటీలో జాయింట్ సెక్రటరీని. నాకు పాడటం రాదు, మా అమ్మాయి ఇక్కడే నేర్చుకుంది, అలా వచ్చి ఉండిపోయాను.

ఇది గవర్నమెంటుదా, ప్రైవేటుదా?

రెండూ కాదండి. సొసైటీ. మన రాష్ట్రంలో 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం ఉంది కదా, దాని కింద కనీసం 7గురు కలిసి రిజిస్టర్ చేసుకోవచ్చు, మేమూ అలాగే చేసుకున్నాం. సొసైటీ అంటే దీనికి ఓనరు ఉండడు, మిగిలిన డబ్బు ఎవరూ పంచుకోడానికి లేదు. ఏటా సర్వసభ్య సమావేశం పెట్టి, కమిటీలో ఎవరెవరు ఉన్నారో ఆ జాబితా రిజిస్ట్రార్ ఆఫీసులో ఇవ్వాలి. విజయనగరానికి బస్సులో గంట దూరం మా ఊరు, రామాలయం వెనక రెండు గదులు, ముందు ఒక వరండా, అంతే మా బడి.

విజయనగరం మ్యూజిక్ కాలేజీకి మీరు బ్రాంచా?

కాదు. ఈ మాట చాలామంది అనుకుంటున్నారు, అందుకే స్పష్టంగా చెప్తున్నా. అది 1919లో మహారాజావారు పెట్టిన కాలేజీ, ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాల్, ద్వారం వెంకటస్వామి నాయుడు గారు వయొలిన్ ప్రొఫెసర్‌గా చేసి 1936లో ప్రిన్సిపాల్ అయ్యారు. మా గాత్రం మేడంగారూ వయొలిన్ మాస్టారూ ఇద్దరూ అక్కడ చదువుకున్నవాళ్ళే, అదొక్కటే సంబంధం. కానీ ఆ సంబంధం చిన్నది కాదు. మా వైపు ఇన్ని చిన్న ఊళ్ళలో పిల్లలకి మొదటి పాఠాలైన సరళీ స్వరాలు సరిగ్గా చెప్పగలిగేవాళ్ళు దొరుకుతున్నారంటే ఆ కాలేజీ నూరేళ్ళ నించి టీచర్లని తయారు చేస్తూ ఉండబట్టే.

కమిటీ అంటే ఎవరు? అందరికీ సంగీతం వచ్చా?

తొమ్మిది మందిమి. సంగీతం వచ్చినవాళ్ళు ఇద్దరే. మిగతావాళ్ళలో రిటైరైన పోస్టుమాస్టరు గారు ఒకరు, ఆయనే మా ట్రెజరర్, మెడికల్ షాపు నడిపే ఒకాయన, ఇద్దరు గవర్నమెంట్ స్కూలు టీచర్లు, పిల్లల్ని ఇక్కడ చేర్పించి మెల్లగా పనిలో పడిపోయిన అమ్మలు ముగ్గురు. ఎవరికీ పైసా తీసుకునే హక్కు లేదు, బస్సు చార్జీ కూడా ఎవరికి వాళ్ళే పెట్టుకుంటారు.

కమిటీ కాకుండా ఇంకొకావిడ ఉంది. రోజూ నాలుగున్నరకి వచ్చి తాళం తీసి, గదులు ఊడ్చి, చాపలు పరిచి, కుండలో నీళ్ళు పట్టి పెడుతుంది, ఏడున్నరకి తాళం వేసి వెళ్తుంది. ఆవిడకి జీతం ఇస్తాం, టీచర్లతో పాటే ఒకటో తారీఖునే ఇస్తాం. ఏ పిల్లవాడు ఇవాళ రాలేదు, ఏ పిల్లని తీసుకెళ్ళడానికి ఇంకా ఎవరూ రాలేదు అన్నది మా అందరికంటే ముందు ఆవిడకే తెలుస్తుంది.

టీచర్లకి జీతం ఎందుకు? సంగీతం సేవ కదా, దైవకార్యం కదా?

ఈ ప్రశ్నకి కొంచెం పెద్ద జవాబు రాస్తాను, ఏమీ అనుకోకండి.

మా బడి మొదలైన కొత్తలో మేమూ అలాగే అనుకున్నాం. పెద్ద మొత్తం కాదు కాబట్టి జీతం అనకుండా గౌరవ వేతనం అనేవాళ్ళం, ఆ పేరు పెట్టగానే అది ఎప్పుడిచ్చినా పర్లేదు అన్నట్టు అయిపోయింది. ఒక ఏడాది ఎండాకాలం వచ్చింది. సెలవులకి పిల్లలు అమ్మమ్మల ఊళ్ళకి వెళ్ళిపోయారు, ఫీజులు ఆగిపోయాయి, అంతకుముందే త్యాగరాజ ఆరాధనకి షామియానాకీ మైకుకీ చేతిలో ఉన్నదంతా పెట్టేశాం. ఏప్రిల్ జీతం మేలో ఇద్దాం అనుకున్నాం, మే జీతం జూన్‌లో ఇద్దాం అనుకున్నాం. టీచర్లు ఎవరూ అడగలేదు. అడగలేదు కాబట్టి ఇబ్బంది లేదనుకున్నాం.

జూన్ చివర్లో ఒక సాయంత్రం నేను వరండాలో రిజిస్టరు రాసుకుంటున్నాను, లోపల వయొలిన్ క్లాసు జరుగుతోంది. మాస్టారు వాయించి చూపిస్తున్నారు, పైస్థాయికి వచ్చేసరికి కమాను ఆపేసి నోటితో పాడి చూపిస్తున్నారు. ఒకసారి కాదు, ప్రతిసారీ. మన పద్ధతిలో వయొలిన్‌కి షడ్జమం, పంచమం, మళ్ళీ షడ్జమం, పంచమం అని శ్రుతి చేస్తారు, ఆఖరి పంచమం తీగ మీదే పైస్థాయి అంతా పలుకుతుంది. లోపలికి వెళ్ళి చూస్తే ఆ తీగ లేదు. తెగిపోయి రెండు వారాలైంది. ఎందుకు వేయించలేదు మాస్టారూ అంటే వచ్చే నెల చూద్దాం లెండి, పిల్లలకి పాడి చెప్తే ఇంకా బాగా ఎక్కుతోంది అన్నారు. నవ్వుతూనే అన్నారు. ఆ తీగ ఖరీదు మేము ఆరాధనకి వేయించిన ఫ్లెక్సీలో పదో వంతు కూడా ఉండదు.

ఆ రాత్రే కమిటీని కూర్చోబెట్టాం. మూడు నెలల జీతం బాకీ మేం తొమ్మిది మందిమి తలాకొంత వేసుకుని మర్నాడే తీర్చేశాం. ఆ తర్వాత రెండు నిర్ణయాలు చేశాం, ఇప్పటిదాకా తప్పలేదు. ఒకటి, జీతాలకి విడిగా బ్యాంకు ఖాతా, అందులో ఎప్పుడూ రెండు నెలల జీతాలకి సరిపడా ఉండాలి, ఇంకో పనికి అందులోంచి రూపాయి తియ్యకూడదు. రెండు, ఎండాకాలం క్లాసులు లేకపోయినా జీతం ఆగదు. బడి నడపడం అంటే మా దృష్టిలో ముందు ఇదే, స్టేజీ కట్టడం, బ్యానరు వేయించడం, పెద్దవాళ్ళని పిలిచి శాలువా కప్పడం ఇవన్నీ దీని తర్వాతే. టీచరు ఇంటద్దె గురించి ఆలోచిస్తూ కూర్చుంటే పిల్లవాడి గాంధార స్వరం తగ్గిందో హెచ్చిందో వినగలడా చెప్పండి.

ఫీజు కట్టలేని పిల్లల సంగతేంటి?

చేర్చుకుంటాం. ట్రెజరరు గారికీ సెక్రటరీకీ తప్ప ఎవరు కడుతున్నారో ఎవరు కట్టట్లేదో ఎవరికీ తెలీదు, టీచర్లకి కూడా చెప్పం. ఆదాయం సర్టిఫికెట్టు అదీ ఇదీ అడగం, వచ్చి ఒక మాట చెప్తే చాలు.

ఘంటసాల గారి కథ మా వైపు అందరికీ తెలిసిందే. విజయనగరం వచ్చి సంగీతం నేర్చుకున్న రోజుల్లో జోలె కట్టుకుని ఇంటింటా మాధుకరం ఎత్తి తిన్నారు, ఆ కాలేజీలో గాత్రం చెప్పే పట్రాయని సీతారామశాస్త్రి గారు చేరదీసి నేర్పారు. ఇది చెప్పి చూశారా అప్పట్లో గురువులు డబ్బు అడిగేవారు కాదు అంటారు కొందరు. నేను ఇంకోలా చూస్తాను. గురువుగారు పిల్లవాణ్ణి చేరదీయాలంటే ముందు గురువుగారి ఇంట్లో పొయ్యి వెలగాలి. కట్టలేని పిల్లవాడి ఫీజు టీచరు భరించకూడదు, ఊరు భరించాలి. కమిటీ ఉన్నది అందుకే.

మా బాబు ఆరు నెలల నించి సరళీలూ జంటలే పాడుతున్నాడు, ఎప్పుడు పాటలు మొదలెడతారు? కమిటీ వాళ్ళు టీచరుకి చెప్పొచ్చు కదా?

చెప్పం. ఏం నేర్పాలి, ఎప్పుడు నేర్పాలి అన్నది పూర్తిగా టీచరు ఇష్టం, కమిటీ అందులో వేలు పెట్టదు, ఇది రాసుకున్న రూలు. మాయామాళవగౌళ రాగంలో సరళీలు, జంటలు, తర్వాత ఏడు తాళాల అలంకారాలు, అవన్నీ మూడు కాలాల్లో తాళం తప్పకుండా వచ్చాకే మలహరి రాగంలో గీతాలు. కొందరికి నాలుగు నెలలు పడుతుంది, కొందరికి ఏడాది. మా అమ్మాయికి పధ్నాలుగు నెలలు పట్టింది, నేనూ మీలాగే కంగారు పడి అడిగాను, మేడంగారు నన్ను కూర్చోమని అదే దాటు వరస రెండుసార్లు పాడించి వినిపించారు, మొదటిసారి నిషాదం ఎక్కడో ఉంది, రెండోసారి శ్రుతిపెట్టె పక్కన పెట్టుకుని పాడితే ఎక్కడుండాలో అక్కడ నిలబడింది. ఇప్పుడు అడగండి అన్నారు. అడగలేదు.

సినిమా పాటలు నేర్పుతారా?

ఆఖరి శనివారం సాయంత్రం పిల్లలు ఏది కావాలంటే అది పాడుకోవచ్చు. క్లాసులో మాత్రం కాదు.

వేరే మతం పిల్లలు చేరొచ్చా? అన్నీ దేవుడి పాటలే కదా?

తప్పకుండా చేరొచ్చు, ఉన్నారు కూడా. గుడి వెనకున్నాం కాబట్టి కొందరు మొహమాటపడుతున్నారని తెలుసు, అందుకే రెండో గేటు రోడ్డు వైపు పెట్టించాం, గుళ్ళోంచి రానక్కర్లేదు. ఒంగోలు దగ్గర కరవదిలో పుట్టిన షేక్ చినమౌలానా గారు నాదస్వరంలో ఎంతటి విద్వాంసులో దేశమంతా తెలుసు, శ్రీరంగంలో స్థిరపడి అక్కడ రంగనాథుడి దగ్గర వాయించిన మనిషి ఆయన. సాహిత్యం పాడటం ఇబ్బంది అనుకుంటే స్వరాలూ వర్ణాలూ వాయిద్యం వైపు వెళ్ళొచ్చు, టీచర్లు ఎవర్నీ బలవంతం చెయ్యరు. ప్రార్థన సమయంలో ఊరికే కూర్చున్నా సరే.

వీణ కొనాలా? బడి వీణలు ఎవరు చూసుకుంటారు?

మొదటి ఏడాది కొనకండి. బడికి మూడు బొబ్బిలి వీణలు ఉన్నాయి, ఒకటి ఏకాండం, అంటే ఒకే పనస దుంగలోంచి మొత్తం తొలిచింది, ఎవరో దాత ఇచ్చింది, పెద్ద పిల్లలకే ఇస్తాం. బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో వీణలు చేసే కుటుంబాలు ఉన్నాయి, రిపేరు అక్కడే. వీణకి 24 మెట్లు, ఆ మెట్లు మైనం మీద నిలబడి ఉంటాయి. మా రేకుల వరండాలో మే నెల మధ్యాహ్నం ఒకసారి వీణ మర్చిపోయి వదిలేస్తే మైనం మెత్తబడి మెట్లు కదిలిపోయాయి, స్వరం పలకాల్సిన చోట ఇంకేదో పలుకుతోంది, మేళం, అంటే ఆ మెట్ల వరస, మొత్తం విప్పి మళ్ళీ కట్టించాల్సి వచ్చింది. వీణ ఎంత మంచిదైనా మేళం కట్టినాయన చెవి మీదే దాని బతుకు ఆధారపడి ఉంటుంది, పక్కన కూర్చుని చూస్తే తెలుస్తుంది ఎంత ఓపిక కావాలో, ఒక్కో మెట్టూ వెంట్రుకవాసి జరుపుతూ, వింటూ, మళ్ళీ జరుపుతూ. ఇప్పుడు వీణలు రాత్రికి లోపలి గదిలో గోడకి దూరంగా బల్ల మీద ఉంటాయి, ఎవరు ఎప్పుడు తీశారు ఎప్పుడు పెట్టారు అని పుస్తకంలో సంతకం పెట్టాలి. పిల్లలే పెడతారు, ఆ పుస్తకం పిల్లల చేతిలోనే ఉంది.

మృదంగం క్లాసుకి అరగంట ముందే రమ్మంటున్నారు ఎందుకు?

ఎడమ వైపుకి రవ్వ ముద్ద పెట్టాలి కాబట్టి. బొంబాయి రవ్వ నీళ్ళతో కలిపి, మరీ జారు కాకుండా మరీ గట్టి కాకుండా ముద్ద చేసి తొప్పి, అంటే ఆ ఎడమ వైపు చర్మం, మధ్యలో అద్దాలి, అప్పుడే ఆ గుమ్మని నాదం వస్తుంది, వాయించడం అయ్యాక గీకేసి శుభ్రం చెయ్యాలి లేకపోతే చర్మం పాడవుతుంది. మాస్టారు ఈ పని పిల్లల చేతే చేయిస్తారు. త ధి తొం నం కంటే ముందు ఇదే పాఠం.

పిల్లల సేఫ్టీకి ఏం చేస్తున్నారు?

అడగాల్సిన ప్రశ్న, చాలామంది మొహమాటంతో అడగరు. గురువుగారు అంటే మనకి గౌరవం, ఆ గౌరవం వల్ల అడగడం తప్పేమో అనిపిస్తుంది, తప్పు కాదు.

క్లాసు జరిగేటప్పుడు తలుపులు తెరిచే ఉంటాయి. ఒక్క పిల్లవాడే వచ్చిన రోజు క్లాసు వరండాలో జరుగుతుంది. తల్లిదండ్రులు ఎవరైనా ఎప్పుడైనా వచ్చి వెనక కూర్చోవచ్చు, చెప్పి రానక్కర్లేదు. టీచర్లు పిల్లలకి విడిగా మెసేజీలు పెట్టరు, ఏదున్నా పేరెంట్స్ ఉన్న వాట్సాప్ గ్రూపులోనే. కొత్త టీచరునీ, కమిటీ మెంబరునీ తీసుకునేముందు అంతకుముందు పనిచేసిన చోట అడిగి తెలుసుకుంటాం. ఏదైనా ఫిర్యాదు వస్తే బడి పరువు అంటూ లోపల సర్దుబాటు చేసే ప్రసక్తి లేదు, 2012 పోక్సో చట్టం ప్రకారం తెలిసినవాళ్ళు పోలీసులకి చెప్పి తీరాలి, చెప్పకపోవడమే నేరం. చైల్డ్ హెల్ప్‌లైన్ 1098 నంబరు గోడ మీద పిల్లల కంటికి అందే ఎత్తులో పెద్ద అక్షరాలతో రాయించాం. ఈ రూల్స్ రాసినప్పుడు టీచర్లు నొచ్చుకుంటారేమో అని భయపడ్డాం, మేడంగారే ముందు సంతకం పెట్టారు.

త్యాగరాజ ఆరాధన ఎవరు చేస్తారు, చందాలు ఎలా?

పుష్య బహుళ పంచమి రోజు చేస్తాం, తిరువయ్యారులో జరిగే రోజే. పొద్దున్నే అందరూ కలిసి త్యాగరాజుగారి పంచరత్న కీర్తనలు పాడతారు, నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ రాగాల్లో. నాటలోది సంస్కృతం, మిగతా నాలుగూ తెలుగు, మన పిల్లలకి అర్థం చెప్పి పాడించే అదృష్టం మనకే ఉంది కదా. రిహార్సల్స్ రెండు నెలల ముందే మొదలవుతాయి. వరాళిని గురువు శిష్యుణ్ణి ఎదురుగా కూర్చోబెట్టి నేర్పకూడదని ఒక నమ్మకం, దాన్ని మా మేడంగారు పాటిస్తారు, అందుకని ఆ ఒక్క కీర్తన పెద్ద పిల్లలు పాడుతుంటే చిన్నవాళ్ళు విని పట్టుకుంటారు. విచిత్రం ఏంటంటే చాలామందికి అదే బాగా నోటికొస్తుంది.

ఖర్చుకి విడిగా చందా పుస్తకం, వచ్చినంతలోనే చేస్తాం. పక్క ఊరి నించి వచ్చే పక్కవాద్యం వాళ్ళకి కవర్లో డబ్బు పెట్టి, బస్సు ఎక్కేముందే ఇస్తాం. పులిహోర కమిటీవాళ్ళ ఇళ్ళలోనే అవుతుంది, మెడికల్ షాపు ఆయన తెల్లవారుజామున నాలుగింటికి నిమ్మకాయలు కోస్తూ కూర్చుంటారు, ఏటా ఆయనే.

మేం అమెరికాలో ఉంటాం, మా ఊరి బడికి డబ్బు పంపొచ్చా?

మీ పాస్‌పోర్టు ఏదో ముందు చూసుకోండి. ఇండియన్ పాస్‌పోర్టు ఉన్న ఎన్నారైలు తమ సొంత డబ్బు బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కింద రాదు, తీసుకోగలం. అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్ళు, ఓసీఐ కార్డు ఉన్నా సరే, చట్టం దృష్టిలో విదేశీయులే. వాళ్ళ దగ్గర తీసుకోవాలంటే మాకు ఎఫ్‌సీఆర్‌ఏ, అంటే విదేశీ విరాళాల చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉండాలి, ఢిల్లీలో స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచిలో ఖాతా ఉండాలి, మాకు అవి లేవు. ఈ ఊళ్ళో పుట్టి, ఇక్కడే సరళీలు పాడుకుని వెళ్ళినవాళ్ళకి మీ డబ్బు తీసుకోలేం అని చెప్పడం చాలా కష్టంగా ఉంటుంది, నిజంగా. వద్దన్నది మిమ్మల్ని కాదు. సెలవులకి వచ్చినప్పుడు ఒక సాయంత్రం వచ్చి పిల్లలతో కూర్చుని పాడండి, మా పిల్లలకి అది చాలా పెద్ద విషయం.

ఇక్కడివాళ్ళు ఎవరిచ్చినా బ్యాంకులోనో ఫోన్‌పేలోనో వేయండి. చేతికి ఇస్తే రసీదు లేకుండా తీసుకోం, పైగా నగదు 2000 రూపాయలు దాటితే మీకు పన్ను మినహాయింపు కూడా రాదు.

లెక్కలు చూడొచ్చా?

నోటీసు బోర్డు మీద ప్రతి నెలా ఐదో తారీఖుకి పెడతాం, ఎంత వచ్చింది, జీతాలకి ఎంత, కరెంటుకి ఎంత, ఎంత మిగిలింది. చెక్కు మీద ఇద్దరు సంతకాలు పెట్టాలి, ఆ ఇద్దరూ ఒక ఇంటివాళ్ళు కాకూడదు. పోస్టుమాస్టరు గారు రూపాయి తేడా వచ్చినా రాత్రి నిద్రపోరు, ఒకసారి పన్నెండు రూపాయలు ఎక్కడ పోయాయో అని పాత రసీదులన్నీ వరండాలో పరిచి రెండు గంటలు వెతికారు, సుద్దముక్కలకి ఇచ్చి రాయడం మర్చిపోయారు.

వయసు పరిమితి ఉందా?

ఏడేళ్ళ నించి. పైన ఎంతైనా సరే, అరవై రెండేళ్ళ ఆవిడ ఒకరు మొన్న మొదటి గీతం పూర్తి చేశారు.

పరీక్షలు రాయిస్తారా?

ప్రభుత్వ సంగీత పరీక్షలకి, అంటే 4 ఏళ్ళ సర్టిఫికెట్టు, ఆ తర్వాత 2 ఏళ్ళ డిప్లొమా, ప్రైవేటుగా కట్టాలనుకునేవాళ్ళని తయారు చేస్తాం. సర్టిఫికెట్టు మేం ఇవ్వం, ఇచ్చే అధికారం మాకు లేదు.

నాకు సంగీతం రాదు, కానీ ఏదైనా చెయ్యాలనుంది. ఏం చెయ్యను?

రండి. ఇప్పుడు మాకు నిజంగా అవసరమున్న మనిషి పాడే మనిషి కాదు. పోస్టుమాస్టరు గారికి కంటి ఆపరేషన్ అయింది, దసరా తర్వాత లెక్కల పుస్తకం ఇంకొకరికి అప్పజెప్తానంటున్నారు. నెలకి నాలుగు సాయంత్రాలు, ఒకటో తారీఖు తప్పనిసరి, ఎందుకంటే ఆ రోజు జీతాలు. ఎక్సెల్ వస్తే మంచిది, రాకపోయినా గళ్ళ పుస్తకంలో రాయడం ఆయనే దగ్గరుండి నేర్పిస్తానన్నారు. అలాగే మంగళవారాలు గేటు దగ్గర ఏడు నించి ఏడున్నర దాకా కూర్చోడానికి ఒకరు కావాలి, ఆ రోజు వీణ క్లాసు ఆలస్యంగా అవుతుంది, చీకటి పడ్డాక పిల్లలు ఒక్కళ్ళే నిలబడకుండా. సాయంత్రం ఐదు తర్వాత ఎప్పుడొచ్చినా ఎవరో ఒకరం ఉంటాం, రోడ్డు వైపు గేటు తోసుకుని రావడమే.